పద్దెనిమిదో ప్రమాణపత్రం

దెయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. నా నమ్మకమంతా కాగితాల మీదే. పద్దెనిమిదేళ్లకి టైపు మిషను ముందు కూర్చున్నదాన్ని, ఇప్పటికీ లేవలేదు. కాగితం మీద ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మా దేశంలో అందరూ అలాగే బతుకుతారు. నేనేం వేరుగా పుట్టలేదు.

పందొమ్మిది వందల యాభై ఒకటి నవంబరు, చనిపోయినవారి ఆదివారం. ఆ రోజు భోజనాలు కాగానే ఊరంతా శ్మశానానికి వెళ్లి, సమాధుల మీద పచ్చని కొమ్మలు పరిచి, దీపాలు పెట్టి, చీకటి పడకముందే ఇళ్లు చేరుతుంది. అమ్మకీ నాకూ దీపం పెట్టడానికి సమాధుల్లేవు. నాన్నా అన్నయ్యా యుద్ధంలో తూర్పునే మట్టిలో కలిసిపోయారు. మేమిద్దరం మంచులో నడిచొచ్చి, కాందిశీకుల బారకాసులో ఒక్క గదిలో ఆరేళ్లుగా పడి ఉన్నాం. గోడలకి చెమ్మ. రాత్రంతా అమ్మ దగ్గు. "ఇంకో చలికాలం ఈ గదిలో ఉంటే ఆవిడ దక్కదు" అని డాక్టరు నా మొహం మీదే చెప్పేశాడు.

అందుకే ఆ మధ్యాహ్నం రెండున్నర బస్సెక్కి జనరల్ టాల్‌హోఫ్ ఇంటికి వెళ్లాను. మంచి మనసుతో వెళ్లానని చెప్పను. ఇల్లిప్పిస్తామని ఆయన వకీలు కబురంపితే, ఇంటి కోసం వెళ్లాను.

ఊరి చివర, బీడు నేల అంచున, భూర్జ చెట్ల మధ్య ఆ ఇల్లు. గుమ్మం పక్కన బూట్ల బురద గీరుకునే ఇనప పట్టీ, లోపల కొబ్బరి పీచు పట్టా. వంటామె మిన్నా తలుపు తీసింది. అరవై దాటిన మనిషి, చేతిలో తడిగుడ్డ.

"బూట్లు ఇక్కడే విప్పమ్మా, నీకు పుణ్యముంటుంది" అంది. "పొద్దుట్నించి ఇది ఆరోసారి తుడవడం. ఈయన్ని చూడ్డానికి ఎవరొస్తున్నారో, ఎప్పుడొస్తున్నారో తెలీదు. నాకు కనిపించేది బురదే."

నా రబ్బరు బూట్లు విప్పి గోడవారగా పెట్టాను. అక్కడ ఇంకెవరి బూట్లూ లేవు. నేల మాత్రం మొత్తం తడి. మిన్నా కోటు తొడుక్కుని, తన మొగుడి సమాధికి దీపం పట్టుకుని వెళ్లిపోయింది. ఇంట్లో ముగ్గురం మిగిలాం. నేను, జనరల్ గారు, ఆయన వకీలు గ్రోటే.

జనరల్ గారు లేచి నిలబడి నాకు కుర్చీ జరిపారు. డెబ్భై ఏళ్లొచ్చినా వెన్ను వంగలేదు. బల్ల మీద వెన్న రొట్టె, అసలైన కాఫీ. బారకాసులో మేం తాగేది వేయించిన బార్లీ నీళ్లు.

"రెండు చెంచాల పంచదార, పాలు వద్దు. అంతేగా, లూడర్స్ అమ్మాయ్?" అన్నారు.

ఎనిమిదేళ్లయినా మర్చిపోలేదు. తూర్పున ఆయన కార్యాలయంలో మేం నలుగురం టైపిస్టులం. నలుగురి పుట్టినరోజులూ ఆయనకి గుర్తు. మాకు జలుబు చేస్తే తన మఫ్లరు విప్పి ఇచ్చేవారు. అదే నా ఏడుపు. మనిషి రాక్షసుడిలా ఉంటే నా పని ఎంత సులువయ్యేదో!

గ్రోటే ఒక కాగితం నా ముందుకు జరిపాడు. చదివాను. *నేను, ఎల్‌ఫ్రీడ లూడర్స్, సదరు సైనిక కార్యాలయంలో టైపిస్టుగా పనిచేసిన కాలమంతటిలో, పౌరులను చంపమని గానీ గ్రామాలు తగలబెట్టమని గానీ ఏ ఆజ్ఞనూ టైపు చేయలేదు, చూడలేదు, వినలేదు.*

"జనరల్ గారి మీద కేసు మూయించడానికి ఇలాంటివి పదిహేడొచ్చాయి" అన్నాడు గ్రోటే. "కల్నళ్లు ఇచ్చారు, పాస్టరు గారిచ్చారు, డ్రైవరిచ్చాడు. మీది పద్దెనిమిదోది. నిజం చెప్పాలంటే, ఆ పదిహేడూ ఒకెత్తు, మీదొక్కటీ ఒకెత్తు."

ఎందుకో నాకు తెలుసు. మా ఆఫీసుల్లో ఒక పద్ధతి ఉంది. ఏ కాగితం కొట్టినా పై మూల రెండు జతల పొడి అక్షరాలు వేస్తాం. గీతకి ఇటు చెప్పినవారివి, అటు కొట్టినవారివి. తప్పు దొర్లితే ఎవరి చెవి మెలిపెట్టాలో తెలియడానికన్నమాట. సంతకం పై కాపీకే ఉంటుంది. కార్బన్ కాపీల మీద ఈ అక్షరాలు తప్ప ఏమీ ఉండవు. వెనక్కి పారిపోయి వచ్చేటప్పుడు పై కాపీలన్నీ మేమే పొయ్యిలో వేశాం. ఎక్కడో ఒక కార్బన్ కాపీ మిగిలిపోయి, ప్రాసిక్యూటర్ చేతికి చిక్కింది. దాని మూల "టా" అని ఉంది. గీత. తర్వాత "లూ".

"'లూ' అంటే లూడర్సే కావాలని ఎక్కడుందండీ?" నవ్వాడు గ్రోటే. "లూట్‌గెన్స్ కావచ్చు, లూబే కావచ్చు. మీరు కాదన్నారంటే ఆ కాగితానికి తల్లీ తండ్రీ లేనట్టే. అన్నట్టు, మీ అమ్మగారికెలా ఉంది?"

కోటు జేబులోంచి ఒక కవరు తీసి రొట్టె పళ్లెం పక్కన పెట్టాడు. జనరల్ గారి మిత్రుడొకాయన కొత్తగా కట్టించిన ఇళ్లలో రెండు గదులు, స్నానాలగది. కేటాయింపు ఉత్తర్వు మీద మా పేరు కూడా టైపు చేసి ఉంది. నేనే కొట్టి ఉంటే ఇంకాస్త శుభ్రంగా కొట్టేదాన్ని.

ఆ ఆజ్ఞ నేనే టైపు చేశాను. తిప్పి చెప్పడమెందుకు? పందొమ్మిది వందల నలభై మూడు మార్చి ఆరు. ఊరి పేరు జారెచ్యే. *ఏ ఇల్లూ మిగలరాదు, ఎవరూ మిగలరాదు.* జనరల్ గారు కిటికీ దగ్గర నిలబడి చెబుతుంటే, కామా ఎక్కడ వెయ్యాలో కూడా చెబుతుంటే, కొట్టాను. మూడు రోజుల తర్వాత నివేదిక వచ్చింది. హతమైన బందిపోట్లు రెండు వందల పన్నెండు, దొరికిన తుపాకులు నాలుగు. "అంకె తప్పు పడినట్టుంది సార్" అన్నాను, అమాయకత్వానికి. ఆయన నా భుజం తట్టి, "సరిగ్గానే ఉందమ్మాయ్, కొట్టు" అన్నారు. కొట్టాను. ఆ సాయంత్రం సూప్ తాగాను, పడుకున్నాను, నిద్రపట్టింది. ఇన్నేళ్లలో నన్ను నేను క్షమించుకోలేనిది ఆ నిద్రనే.

బయట అప్పటికే మసక పడుతోంది. నాలుగైనా కాలేదు. మూడిళ్ల అవతల శ్మశానంలో దీపాలు ఎర్రగా మినుకుమంటున్నాయి.

అప్పుడు గుమ్మం దగ్గర ఎవరో బూట్లు గీరుకుంటున్న చప్పుడు.

గర్ర్… గర్ర్…

ఆగి, పీచు పట్టా మీద కాళ్లు తుడుచుకున్నారు. మర్యాదస్థుల్లా, నెమ్మదిగా.

"మిన్నా వచ్చినట్టుంది" అన్నాను.

ఎవరూ లోపలికి రాలేదు. మళ్లీ ఇనప పట్టీ మీద… గర్ర్… గర్ర్… ఈసారి వేరే కాళ్లు. బరువైనవి. వాటి వెనక ఇంకో జత, చాలా తేలిక. పసిపిల్లకి ఎవరో చేయిపట్టి నేర్పిస్తున్నట్టు… ఒక కాలు… ఇంకో కాలు…

"శ్మశానం నుంచి వచ్చే జనం లెండి" అన్నాడు గ్రోటే రొట్టె నములుతూ. "సంతకం పెట్టేస్తే నేను మిమ్మల్ని కార్లో దింపేస్తాను. ఒక్క నిమిషం, ఇంజను వేడి చేసి వస్తా." పెరటి తలుపు తీసుకుని కారు షెడ్డుకి పోయాడు.

జనరల్ గారి మొహం చూశాను. ఆయన కప్పు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నా వైపే చూస్తున్నారు. ఆ చూపులో భయం కంటే ఆశ ఎక్కువ ఉంది.

"నీకూ వినిపిస్తోందా?" గుసగుసలాడారు.

నేను తలూపాను.

"దేవుడా… నాకు మతి పోయిందనుకున్నాను."

అప్పుడే వాసన వచ్చింది. తడిసిన ఉన్ని. దాని కింద కాలిన గడ్డి… వాన పడి ఆరిపోయిన గడ్డి కప్పు వాసన. మార్చి నెలలో తూర్పు గాలి వీస్తే మా కార్యాలయం కిటికీల్లోంచి సరిగ్గా ఈ వాసనే వచ్చేది. మేం కిటికీలు మూసుకునేవాళ్లం.

"ఎప్పట్నుంచి?"

"మొదటి ప్రమాణపత్రం వచ్చిన రోజు నుంచి. మూడు నెలలైంది. అప్పుడు ఇద్దరో ముగ్గురో. ఒక్కొక్కరు సంతకం పెడుతున్నకొద్దీ ఇంకొందరు…" ఆయన కప్పు కింద పెట్టారు. "ఆలోచించాను లూడర్స్. నాకు రాత్రింబగళ్లు ఇదే పని. ఆజ్ఞ లేదని రాయిస్తున్నాం కదా. ఆజ్ఞ లేకపోతే వాళ్లనెవరూ చంపలేదు. చంపకపోతే… వాళ్లు ఎక్కడో ఒకచోట ఉండాలిగా? ఉండడానికి ఇళ్లు లేవు. తగలబెట్టాం."

ఆ మాట నోట్లోంచి జారాక ఆయనే ఉలిక్కిపడ్డారు. "తగలబడిపోయాయి" అని సర్దుకున్నారు. నా కళ్లలోకి చూడలేదు.

హాల్లో నేల చెక్కలు కిర్రుమన్నాయి. ఒకటి కాదు. అన్నీ. హాలు నిండా మనుషులు, ఊపిరి బిగబట్టి, పిలుపు కోసం నిలబడ్డట్టు…

"మరి నన్నెందుకు సంతకం పెట్టమంటున్నారు?" అన్నాను.

"నీదే ఆఖరిది. దాంతో కేసు మూసేస్తారు. ఫైలు మూస్తే అన్నీ మూసుకుపోతాయి. వీళ్లు కూడా." చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నారు. మంచుముక్క. "నన్ను ఈ గడప మీద వదిలెయ్యకు, తల్లీ."

నిజం చెప్పేయొచ్చు అప్పుడు. *కొట్టింది నేనే, చెప్పింది మీరు.* ఎనిమిదేళ్ల కిందట భుజం మీద పడిన ఆ చేతిని ఇప్పుడైనా విదిలించుకోవచ్చు. తలుపు అవతల ఉన్నవాళ్లకి కావలసింది కూడా అదేనని నాకు తెలుసు, ఎలా తెలుసని అడక్కండి. చప్పుడంతా ఆగిపోయింది. వాళ్లు వింటున్నారు. నా జవాబు కోసం చెవులు రిక్కించి వింటున్నారు.

నాకు అమ్మ దగ్గు గుర్తొచ్చింది. రుమాలు మీద ఎర్రటి చుక్క గుర్తొచ్చింది.

సంతకం పెట్టాను.

తిలాపాపం తలా పిడికెడు అంటారే, నా పిడికెడు నేను తీసుకున్నాను. నన్నెవరూ తుపాకీ పెట్టి బెదిరించలేదు. కాఫీ పోశారు, అంతే.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. గోడ గడియారం మాత్రం కొట్టుకుంటోంది. వాసన పోయింది. జనరల్ గారు లేచి, మూడు నెలల తర్వాత మొదటిసారి కాబోలు, కిటికీ బార్లా తెరిచారు. గుండెల నిండా గాలి పీల్చుకున్నారు. "చూశావా? వెళ్లిపోయారు" అని చిన్నపిల్లాడిలా నవ్వారు. ఒక రొట్టె ముక్క తీసుకుని తినడం మొదలుపెట్టారు.

గ్రోటే కారెక్కడం నాకిష్టం లేకపోయింది. కవరు తీసుకుని, బస్సుకే పోతానని హాల్లోకి వచ్చాను. నేలంతా నీళ్లు. నా రబ్బరు బూట్లు పెట్టినచోటే ఉన్నాయి. కాళ్లు దూర్చాను.

లోపల వెచ్చగా ఉంది. ఇప్పుడే ఎవరో తొడుక్కుని విప్పినట్టు.

ఎలా పరిగెత్తానో తెలీదు. బస్సు బయల్దేరబోతుంటే ఎక్కి, ముందు సీట్లో కూలబడ్డాను. బస్సంతా ఖాళీ. కండక్టరు తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చలిగాలి లోపలికి కొడుతోంది. అరనిమిషం… నిమిషం… ఆయన కళ్లు మెట్ల వైపు, సీట్ల మధ్య దారి వైపు కదులుతున్నాయి. ఎవరికో దారిచ్చి పక్కకి ఒదిగాడు కూడా.

"ఏంటండీ, బయల్దేరరా?" అన్నాను.

"మీవాళ్లందరూ ఎక్కాలి కదమ్మా!" అని విసుక్కున్నాడు. "సరే, ఇక పట్టరు. మిగతావాళ్లు నడిచి రండి" అని చీకట్లోకి కేకేసి తలుపు వేశాడు.

దారి పొడవునా నేను వెనక్కి తిరగలేదు. మెడ మీద ఎవరిదో ఊపిరి తగులుతూనే ఉంది. తడి ఉన్ని వాసన… కాలిన గడ్డి…

బారకాసు చేరేసరికి ఆరయింది. మా గది తలుపు తీశాను. అమ్మ మంచం గోడవారకి జరిపేసి ఉంది. దుప్పట్లన్నీ నేల మీద పరిచి ఉన్నాయి. పొయ్యి మీద మాకున్న ఒకే ఒక్క పెద్ద గిన్నె, అందులో వారానికి సరిపడా బంగాళదుంపలు. అమ్మ ఒళ్లంతా చెమటతో, బుగ్గలెర్రగా, ఎంత హుషారుగా ఉందో!

"తలుపు వెయ్యవే ఫ్రీడా, పిల్లలకి చలి" అంది.

గదిలో ఎవరూ లేరు. దుప్పట్ల మీద మాత్రం గుంటలున్నాయి. పెద్దవి. చిన్నవి. పక్కపక్కనే.

"అమ్మా… ఎవరు వీళ్లు?"

"ఎవరైతే ఏంటే? మనలాగే ఇల్లూవాకిలీ పోయినవాళ్లు. ఎంత దూరం నుంచి నడిచొచ్చారో, పాపం. మనం మంచులో నడిచొస్తుంటే ఎవరో రైతు మనల్ని తన పశువుల కొట్టంలోకి రానిచ్చాడా లేదా? వచ్చినవాళ్లని పొమ్మంటామా?" ఖాళీగా ఉన్న దుప్పటి అంచు సర్దింది. "హౌసింగు ఆఫీసులో చేరనివ్వట్లేదట. ఎక్కడికెళ్లినా కాగితమేదీ అంటున్నారట. నేను చెప్పాను, మీరేం బెంగపడకండి, మా అమ్మాయి టైపిస్టు, రాసిపెడుతుందని."

"ఏం కాగితం?"

అమ్మ నా మొహంలోకి చూసింది. ఆ పూటకి ఒక్కసారీ దగ్గలేదు.

"చచ్చిపోయామని కాగితం కావాలటే వాళ్లకి. ఎవరూ ఇవ్వట్లేదట."

మర్నాడు ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్లాను. వెళ్లానని గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. ఆయన నా మాట సగం విని, "నిన్న ప్రమాణం చేసి సంతకం పెట్టారు, ఇవాళ అబద్ధమంటున్నారు. అబద్ధపు ప్రమాణానికి జైలు మీకు పడుతుంది, ఆయనకి కాదు. ఇంటికెళ్లి ఆలోచించుకోండి" అన్నాడు. ఇంటికెళ్లి ఆలోచించుకున్నాను. కొత్త ఇంటికి మారాం. కేసు మూసేశారు. జనరల్ గారు ఇంకో అయిదేళ్లు సుఖంగా బతికి పోయారు. బ్యాండు మేళంతో తీసుకెళ్లారు, పేపర్లో *మచ్చలేని సైనికుడు* అని వేశారు. ఆ కిటికీ తెరిచిన రోజు నుంచి ఆయన గడప ఎవరూ తొక్కలేదని మిన్నా చెప్పింది. తొక్కరు మరి. అందరూ మా ఇంట్లో ఉన్నారు.

రెండో గది వాళ్లకిచ్చేశాం. సాయంత్రాలు అమ్మ ఆ గది గుమ్మంలో కుర్చీ వేసుకుని ఒక్కొక్కరి పేరూ అడిగి చెప్పేది, నేను ముందు గదిలో కొట్టేదాన్ని. పేరు, పుట్టిన సంవత్సరం. *జారెచ్యే గ్రామంలో పందొమ్మిది వందల నలభై మూడు మార్చి తొమ్మిదిన చంపబడ్డారు. ఆజ్ఞ ఇచ్చినవారు జనరల్ టాల్‌హోఫ్. టైపు చేసింది ఎల్‌ఫ్రీడ లూడర్స్.* నిజం కాగితం మీదికెక్కాక, అందులో ఉన్న మనిషి వెళ్లిపోయేవాడు. నేల చెక్క ఒకటి కిర్రుమనేది, గదిలో బరువు కాస్త తగ్గేది. ఏ భాషలో మాట్లాడతారమ్మా అని ఒకసారి అడిగాను. "ఏమోనే, అర్థమవుతుంది" అంది. అన్ని కాగితాలూ ప్రాసిక్యూటర్‌కి పంపాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆఫీసు వదిలాక రోజుకి ఒకటి కొట్టే ఓపికే ఉండేది, అదీ అన్ని రోజులూ కాదు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి, ఆ మిషను మూతే తీయలేకపోయాను.

పదకొండేళ్ల కిందట అమ్మ పోయింది. అయినా ఆ సాయంత్రం కూడా గుమ్మంలో కుర్చీ కిర్రుమంది, అమ్మ గొంతు తర్వాతి పేరు చెప్పింది. ఏడ్చుకుంటూ కొట్టాను. రెండు వందల పన్నెండోది పోయిన నెలలో అయిపోయింది. కాగితం లాగి, మిషను మీద మూత వేశాను. అయిపోయిందనుకున్నాను. ఆ వారమంతా పసిపాపలా నిద్రపోయాను.

నిన్న సాయంత్రం అయిదింటికి కుర్చీ మళ్లీ కిర్రుమంది.

"రాసుకోవే" అంది అమ్మ. "యాంకా. ఇంటిపేరు వాళ్ల నాన్నదే, కోవాల్."

మిషను మూత తీసి కొట్టాను. "పుట్టిన సంవత్సరం?"

"అరవై ఎనిమిది."

"పద్దెనిమిది వందలా?"

"కాదే. మొన్నటి అరవై ఎనిమిది. ఆరేళ్లు దానికి. పదేళ్లకే చంపేశారే ఆ కోవాల్ పిల్లాణ్ణి, వాడి కాగితం నువ్వే కొట్టావు, వాడి కూతురు."

నా వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. ఆ గదిలో… చాలా నెమ్మదిగా… చిన్న చిన్న పాదాలు కదులుతున్నాయి. ఒక జత కాదు. పది కాదు.

"అమ్మా… ఈ పిల్ల ఎప్పుడు చచ్చిపోయిందని రాయను?"

గుమ్మంలో కుర్చీ ఇంకోసారి కిర్రుమంది.

"ఏదో ఒకటి రాయవే ఫ్రీడా" అంది అమ్మ. "దాని వెనక ఇంకా చాలామంది పిల్లలు నిలబడి ఉన్నారు."